మిగతా ఐదు తీగలు

దగ్గరికి జరిగి కూర్చోండి. డిసెంబరు నెలాఖరు. శంషాబాద్‌లో రాత్రి తొమ్మిది దాటితే చలి మెహిదీపట్నంలో ఉన్నట్టు ఉండదు. ఖాళీ జాగాల మీదుగా గాలి నేరుగా వచ్చి చెవులు పట్టుకుంటుంది. మా సందు మొదట్లో వాచ్‌మన్ రోజూ చలిమంట వేస్తాడు. ఎండుకొమ్మలు, కొబ్బరి మట్టలు, ఎవరో పారేసిన చెక్కపెట్టెలు, ఏది దొరికితే అది. ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీకి బయల్దేరే కుర్రాళ్ళు కాసేపు చేతులు కాచుకుని పోతుంటారు. నాలాంటి వాళ్ళం మంట చల్లారేదాకా కూర్చుంటాం. క్రిస్మస్‌కు పదిరోజుల ముందు ఒక రాత్రి ఆ మంట దగ్గరికి ఒక గిటారు వచ్చింది.

పక్కింటి అబ్బాయిది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, ఆదివారాలు చర్చిలో పాటలకు వాయిస్తాడు. మన తెలుగు పిల్లల్లో ఎంతోమందికి గిటారు మొదట చేతికొచ్చేది అక్కడే. వస్తూనే దాన్ని మంట పక్కన బండకు ఆనించబోయాడు. "అక్కడొద్దు బాబూ, దూరంగా పెట్టు" అన్నాను. డప్పు సంగతి వేరు. మంట మీద కాస్తేనే దాని చర్మం బిగిసి ఖంగుమంటుంది. గిటారు పలచటి చెక్కలను జిగురుతో అతికించిన వస్తువు. వేడి తగిలితే చెక్క ఎండి పగులుతుంది, అతుకులు విడిపోతాయి. అరుగు మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు గానీ మొహంలో కళ లేదు.

"ఏందంకుల్, ఒక్క తీగ కొడితే నాలుగు మోగుతున్నయ్. ఆంప్‌కి పెట్టినంక ఇంకా గలీజుగ వస్తుంది. పోయిన ఆదివారం మా పాస్టర్‌గారు సౌండ్ తగ్గియ్యమన్నరు. తగ్గిస్తే నా గిటారే ఇనొస్తలేదు."

తెచ్చి వాయించమన్నాను. ఎడమచేయి చక్కగా ఉంది. వేళ్ళు సరైన మెట్ల మీద, సరైన సమయానికి పడుతున్నాయి. కుడిచేయే గాలిలో తేలుతోంది. పిక్ వచ్చి తీగను కొట్టి వెళ్ళిపోతోంది, మణికట్టు ఎక్కడా ఆనడం లేదు. ఒక తీగకు పని చెప్పి మిగతా ఐదింటినీ వాటి ఇష్టానికి వదిలేశాడు. ఈ రాత్రి మీతో చెప్పాలనుకున్నది ఆ ఐదింటి గురించే.

వాడి బాధ నాకు తెలుసు. నేను గిటారు పట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది. మొదటి ఆరేళ్ళలో నాకు నేర్పినవాళ్ళెవరూ కుడిచేతి గురించి "పిక్ ఇలా పట్టుకో" అన్నదానికి మించి ఒక్క మాట చెప్పలేదు. ఆ తర్వాత ఒక చిన్న స్టూడియోలో ఎవరి పాటకో నాలుగు వరుసలు వాయించాను. అక్కడి ఇంజనీరు హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి, "మీరు వాయించింది బాగుంది సార్. వాయించనిది కూడా వస్తోంది, వినండి" అన్నాడు. విన్నాను. ప్రతి స్వరం వెనకా ఇంకేదో మూలుగు. ఆ రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

ఆ మూలుగు ఎక్కణ్ణుంచి వస్తుందో శంషాబాద్‌లో ఉన్నవాళ్ళకు సులువుగా చూపించవచ్చు. మాది విమానాశ్రయం రాకముందు కట్టిన ఇల్లు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇటు మారాయి. ఇక్కడి పెద్ద రన్‌వే 4,260 మీటర్లు, తూర్పు పడమరలుగా ఉంటుంది. బరువైన విమానం మా వైపు లేచిందంటే కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి. అప్పుడు హాల్లో గోడకు తగిలించిన గిటారు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టండి. ఎవరూ ముట్టుకోలేదు, అయినా తీగలు గుంయ్‌మంటుంటాయి. విమానం పోయాక కూడా ఒకటి రెండు క్షణాలు ఆ నాదం ఉంటుంది.

ఇంటర్ ఫిజిక్సులో దీన్నే అనునాదం అని చదువుకున్నాం. సోనోమీటరు తీగ మీద మడిచిన కాగితం ముక్క పెట్టి, శ్రుతిదండాన్ని మోగించి పెట్టెకు ఆనిస్తాం. తీగ పొడవు సరిగ్గా కుదిరిన చోట కాగితం ఎగిరి కింద పడుతుంది. గిటారులో ఆ పని తీగలు ఒకదానికొకటి చేసుకుంటాయి. మందపాటి ఆరో తీగ, అంటే కింది ఈ, సెకనుకు దాదాపు 82.4 సార్లు కంపిస్తుంది. ఏ తీగైనా తన మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కూడా సన్నగా పలుకుతుంది. 82.4కు మూడింతలంటే 247. రెండో తీగ బీ శ్రుతి 246.9. నాలుగింతలంటే 329.6. అది మొదటి తీగ ఈ శ్రుతే. ఐదో తీగ ఏ శ్రుతి 110, దానికి మూడింతలు 330, మళ్ళీ ఆ మొదటి తీగే. మందపు తీగ మీటితే సన్నతీగలు పిలవకుండానే లేచి కూర్చుంటాయన్నమాట.

అబ్బాయికి లెక్క చెప్పలేదు. "ఆరో తీగ గట్టిగా మీటు. రెండు క్షణాలాగి ఆ ఒక్కదాన్నే వేలితో ఆపెయ్" అన్నాను. ఆపాడు. నిశ్శబ్దం రావాలి, రాలేదు. గిటారు మీదికి వంగి విన్నాడు. "బీ మోగుతుందంకుల్! పై ఈ కూడా! నేను ముట్టనే లేదు." మంట దగ్గరున్న వాళ్ళందరూ ఒక్కొక్కరుగా వచ్చి చెవి పెట్టి విన్నారు. వాచ్‌మన్ రెండుసార్లు విన్నాడు.

ఇక్కడ మీలో సంగీతం తెలిసినవాళ్ళకు ఒక సందేహం రావాలి. పక్క తీగలు మోగితే తప్పేంటి? మన తంబురా పనే అది కదా? తంబురా తీగలు ఒకదాని నాదంలో ఒకటి కలిసి మోగకపోతే అది తంబురా అనిపించుకోదు. సితారులో వాయించే తీగల కింద తరఫ్ తీగలు పనిగట్టుకుని కట్టేది, వాటంతట అవి పలకాలనే. మన సరస్వతీ వీణ చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో చేసే వీణకైనా, తంజావూరు వీణకైనా 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, పక్కన తాళపు తీగలు మూడు. సారణి షడ్జం, తర్వాతది పంచమం, ఆ కిందిది మంద్ర షడ్జం, ఆపైన అనుమంద్ర పంచమం. తాళపు తీగలూ అంతే, సా, పా, పై సా. ఏడు తీగల్లో ఏది పొరపాటున మోగినా స-పలే పలుకుతాయి. ఆ రెండూ మన శ్రుతే. వీణలో తీగలన్నీ ఒక ఇంటివే కాబట్టి ఎవరు గొంతు కలిపినా పాట చెడదు.

గిటారు తీగలు అలా లేవు. ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. అన్ని రకాల శ్రుతుల్లోనూ చేతికి అందుబాటుగా ఉండేందుకు పెట్టుకున్న అమరిక ఇది. ఏ ఒక్క శ్రుతికీ ఇవన్నీ కట్టుబడి ఉండవు. అబ్బాయి వాళ్ళ చర్చిలో ఆ ఆదివారం పాడిన పాట బీ ఫ్లాట్‌లో ఉంది. ఆ స్వరవరుసలో ఏ, డీ, జీ ఉన్నాయి గానీ ఈ లేదు, బీ లేదు. ఆరు ఖాళీ తీగల్లో మూడు ఆ పాటకు పరాయివి. అందులోనూ ముందుగా లేచి మోగే సన్నతీగలు రెండూ ఆ మూడింట్లోవే! మూడో తీగ మీద మూడో మెట్టు నొక్కితే బీ ఫ్లాట్ వస్తుంది, 233. దాని పక్కనే రెండో తీగ 247 దగ్గర మోగుతోందనుకోండి. రెండింటికీ తేడా 14. సెకనుకు 14 సార్లు నాదం లేస్తూ పడుతూ గరగరలాడుతుంది. వాడు "గలీజు" అన్నది దాన్నే.

ఎలక్ట్రిక్ గిటారుకు డిస్టార్షన్ తగిలించారంటే సంగతి ఇంకా ముదురుతుంది. పెద్ద శబ్దాన్ని అణచి, చిన్న శబ్దాన్ని పైకి లాగడం దాని స్వభావం. మామూలుగా చెవి పెడితే గానీ వినపడని మూలుగు, అసలు స్వరంతో సమానంగా వచ్చి నిలబడుతుంది. పైగా రెండు స్వరాలు కలిసి లోపలికి వెళితే, వాటి కూడికలూ తీసివేతలూ కొత్త స్వరాలై బయటికొస్తాయి. ఆ ఆదివారం అబ్బాయి వాల్యూమ్ తగ్గించినా లాభం లేకపోయింది. మంచీ చెడూ కలిసి తగ్గాయి, అంతే.

గిటారు మీద మన నాదం కావాలనుకున్న జాన్ మెక్‌లాఫ్లిన్ ఈ చిక్కును తనదైన దారిలో దాటాడు. 1970లలో శక్తి బృందంలో వాయించిన గిటారుకు, మామూలు ఆరు తీగల కింద ఏటవాలుగా ఇంకో ఏడు తీగలు కట్టించుకున్నాడు. వాటిని రాగానికి తగ్గట్టు వేరుగా శ్రుతి చేసుకునేవాడు. మోగేవి మోగడానికే ఉన్నాయి. అలాంటి గిటారు చేయించుకోలేని మనకు మిగిలింది కుడిచేయి.

సరే, ఆ చేయి ఏం చేయాలి? మీ కుడిచేతిని ఒకసారి చూసుకోండి. చిటికెన వేలి మొదలు నుంచి మణికట్టు దాకా అరచేతి అంచున ఒక మెత్తటి కండ ఉంటుంది, చపాతీ పిండిని గట్టిగా అదిమేటప్పుడు ఆనేది. పిక్ పట్టుకున్న చేతిని బ్రిడ్జి దగ్గర వాలిస్తే ఆ కండ మందపు తీగల మీద పరుచుకుంటుంది. మూడో తీగ వాయిస్తున్నారనుకోండి. నాలుగు, ఐదు, ఆరు ఆ కండ కింద నిద్రపోవాలి. రెండో తీగకు దిగితే చేయి మొత్తం ఒక తీగ మేర కిందికి జరిగి మూడోదాన్ని కూడా కప్పాలి. పైకి వస్తే మళ్ళీ ఒకటి వదిలేయాలి. కోడి తన పిల్లల మీద రెక్క కప్పుతూ జరిగినట్టు ఉంటుంది ఆ కదలిక. నొక్కకూడదు. నొక్కితే తీగ సాగి శ్రుతి మారుతుంది. చేతి బరువు చాలు.

ఎక్కడ ఆనించాలన్నదే అసలు కిటుకు. కండ సరిగ్గా బ్రిడ్జి అంచు మీద ఉంటే తీగ సగం మోగి సగం ఆగుతుంది, జగ్ జగ్ అని. హెవీ మెటల్ రిథమ్ అంతా ఆ చప్పుడు మీదే నడుస్తుంది. మెటాలికా జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేయి అందుకే పేరు తెచ్చుకుంది. మనకిక్కడ కావలసింది అది కాదు. వాయించే తీగ నిండుగా మోగాలి, వాయించనిది పూర్తిగా ఆగాలి. అందుకని చేతిని బ్రిడ్జి నుంచి ఒక వేలి మందం ముందుకు జరపండి. అక్కడ కండ తగిలిన తీగ టప్‌మని ఆగిపోతుంది.

కుడిచేయి కప్పేది మందపు తీగల్ని. సన్నతీగల కాపలా ఎక్కువగా ఎడమచేతి చూపుడువేలిది. ఒక తీగ నొక్కుతూ, దాని కిందివైపున్న తీగల మీద వాలుగా తగిలీ తగలనట్టు ఉంటుంది. ఆ వేలి కొన పక్కనున్న మందపు తీగను కూడా తాకి ఆపగలదు. కొందరు అరచేతికి బదులు బొటనవేలి పక్కభాగాన్ని మందపు తీగల మీద ఆనించి జారుస్తారు. బేస్ గిటారు వాళ్ళు వేళ్ళతో వాయించేటప్పుడు బొటనవేలిని అలాగే ఒక్కో తీగ మీదికి జరుపుకుంటూ పోతారు. రెండూ మంచి పద్ధతులే. నాకు మాత్రం అరచెయ్యే నచ్చుతుంది. ఎందుకో చెబుతాను. తీగను ఒకే చోట, వేలి మొనతో తేలిగ్గా తాకితే ఒక్కోసారి అది ఆగదు. పన్నెండో మెట్టు మీదో ఏడో మెట్టు మీదో తగిలిందంటే ఆగడం మాట అటుంచి గంట కొట్టినట్టు కొత్త స్వరం పుడుతుంది. కండ వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి ఆ ప్రమాదం తక్కువ.

అబ్బాయి ఇదంతా విని జేబులోంచి ఒక హెయిర్‌బ్యాండ్ తీశాడు. వాళ్ళ అక్కది. యూట్యూబ్‌లో చూశాడట. దాన్ని మెడ చివర, బిరడాల దగ్గర తీగలకు చుడితే మూలుగు రాదని. అది అబద్ధం కాదు. రికార్డింగులో మంచి మంచి వాళ్ళు కూడా చుడతారు. కానీ ఆ తర్వాత పాటలో ఖాళీ తీగల కార్డు కావలసి వచ్చినప్పుడు అదీ మోగదు. యంత్రంతో ఈ పని చేయించాలని ఎప్పటినుంచో చూస్తున్నారు. ఫెండర్ కంపెనీ 1962లో తెచ్చిన జాగ్వార్ గిటారులో బ్రిడ్జి దగ్గర తీగల్ని ఆపే మెత్తను స్ప్రింగు మీద అమర్చింది. చాలామంది దాన్ని వాడలేదు. పియానోలో అయితే దాదాపు ప్రతి మీటకూ సొంత ఉన్నిమెత్త ఉంటుంది. వేలు తీయగానే వచ్చి తీగ మీద వాలుతుంది. గిటారులో ఏది మోగాలో ఏది ఆగాలో క్షణక్షణానికీ మార్చుకోగలిగేవి వాయించేవాళ్ళ చేతులే.

మన పాటలు గిటారు మీద వాయించాలనుకునే వాళ్ళకు ఇది ఇంకా అవసరం. గమకం పలికించాలంటే తీగను పక్కకు లాగాలి. లాగిన తీగ పక్క తీగను నెడుతుంది. వదిలేటప్పుడు దాన్ని మీటినట్టే మీటి వస్తుంది. ఒక్క గమకానికి ఒక్క దొంగ స్వరం. ఆ పక్క తీగ మీద ముందే అరచేయి ఉంటే ఏమీ వినపడదు.

ఈ మాట తల్చుకున్నప్పుడల్లా పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ గుర్తొస్తారు. 1969లో పుట్టి, 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళ పిల్లవాడు. మాండొలిన్‌కు మామూలుగా నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగను లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఐదు ఒంటి తీగలతో వాయించారు. ఆంప్ ఉంది, చేతిలో పిక్ ఉంది, గమకం ఉంది, మెరుపు వేగం ఉంది. గరగరకు కావలసిన సామగ్రి అంతా ఉంది. అయినా ఆయన రికార్డులు పెట్టి వినండి, ఎంత వేగంలోనైనా స్వరానికీ స్వరానికీ నడుమ ఎక్కడా మసక ఉండదు. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించిన కచేరీలున్నాయి. గిటారు నేర్చుకునే ప్రతి తెలుగు పిల్లవాడూ ఆ కచేరీలు వినాలి.

మా అత్తయ్య చిన్నప్పుడు నాకు ఆది తాళం నేర్పుతూ ద్రుతంలో చేయి తిప్పి విసిరే చోట తొందరపడితే చేయి పట్టుకుని ఆపేది. తాళంలో చప్పుడయ్యే దెబ్బ సశబ్ద క్రియ, చప్పుడు కాని విసురు నిశ్శబ్ద క్రియ. రెండిటికీ ఒకటే కొలత, రెండిటినీ చేతితో చేసి తీరాలి. నిశ్శబ్దానికి కూడా ఒక పని ఉందని మన శాస్త్రం పేరు పెట్టి చెప్పింది.

మంట దగ్గర కూర్చునే వాళ్ళలో ఎయిర్‌పోర్టు ఉద్యోగి ఒకాయన ఉన్నారు. ఆయన తన పని భాషలో చెప్పారు. టవర్‌తో మాట్లాడే పైలట్లందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటారట. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వింటారు. ఎవరి మైకు బటనైనా పొరపాటున నొక్కుకుని ఉండిపోతే ఆయన ఏమీ మాట్లాడకపోయినా సరే, ఇంకెవరి మాటా సరిగ్గా వినపడదు. అబ్బాయికి నా లెక్కలన్నిటి కంటే ఇది బాగా ఎక్కింది.

ఆ రాత్రి నుంచి వాడు చేసింది ఒకటే సాధన. ఆంప్ లేకుండా, ఒక్కో తీగ మీద నాలుగు స్వరాలు, ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా, తిరిగి పైకి. ప్రతి తీగ దగ్గరా ఆగి, ఆ తీగను ఆపి, గిటారు పూర్తిగా నిశ్శబ్దంగా ఉందో లేదో వినడం. ఉంటేనే తర్వాతి తీగ. మొదటి మూడు రోజులు ఒళ్ళుమండి కేకలు వేశాడని వాళ్ళమ్మ చెప్పింది. నాలుగో రోజున చేయి దానంతట అదే జరగడం మొదలుపెట్టింది. క్రిస్మస్ ఆరాధనలో నేను వెనక వరుసలో కూర్చున్నాను. వాడి వంతు నాలుగే వరుసలు. ఒకచోట రెండో తీగ తప్పించుకుంది, మిగతాదంతా శుభ్రంగా వచ్చింది. ఆంప్ వాల్యూమ్ ఎవరూ తగ్గించమనలేదు.

గిటారు నేర్పే పెద్దలకు నా మనవి ఒకటుంది. మొదటి కార్డు నేర్పే రోజునే కుడిచేయి ఎక్కడ ఆనాలో చూపించండి. ఆరేళ్ళ తర్వాత ఆ అలవాటు చేసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ ఇంట్లో గిటారు ఉంటే, ఈ రాత్రి పడుకునే ముందు ఆరో తీగ ఒకసారి మీటి, వేలితో ఆపి, రెండో తీగ దగ్గర చెవి పెట్టండి.